యూరిక్ ఆమ్లం: పప్పు చేసిన తప్పేమిటి?



పాస్కా పండుగ మరునాడు తెల్లవారుజామున ఒక ఉపదేశిగారిని ఆయన కుమారుడు మోటారు సైకిలు మీద ఎక్కించుకొని ఆసుపత్రికి తీసుకొనివచ్చాడు. ఆయన వయస్సు 52 సంవత్సరాలు. కుడికాలి బొటనవ్రేలి మొదలు ఎర్రగా వాచి నిగనిగలాడుతోంది. దుప్పటి అంచు తగిలినా ప్రాణం పోతున్నట్లుంది అన్నారు. రాత్రి పడుకునేటప్పుడు ఏమీ లేదట. నడిరాత్రి మెలకువ వచ్చేసరికి కాలు నిప్పుల్లో పెట్టినట్లు మండిపోతోందట. రక్తపరీక్ష చేస్తే యూరిక్ ఆమ్లం డెసీలీటరుకు 9.2 మిల్లీగ్రాములు ఉంది. ఈ జబ్బును గౌట్ అంటారు. ఆయుర్వేదంలో వాతరక్తం అంటారు.

నొప్పికంటె ఊరి మాటే ఆయనను ఎక్కువగా బాధపెట్టింది. ఈ నొప్పి రావడం ఇది రెండవసారి. మొదటిసారి వచ్చినప్పుడే "తాగేవాళ్ళకు వచ్చే జబ్బట కదా, ఉపదేశిగారికి ఎట్లా వచ్చింది?" అని గుడి అరుగు మీద గుసగుసలు మొదలైనాయి. ఆయన జీవితంలో మద్యం ముట్టి ఎరుగరు. ఇంట్లో మరొక తిప్ప. ఎవరో చెప్పిన మాట విని ఆయన భార్య రెండేళ్ళుగా పొయ్యి మీద పప్పు పెట్టలేదు. పాలకూర, టమాటా, వంకాయ, బీన్సు కూడా మానివేసింది. ఒక్కరి కోసం వేరే వంట ఎక్కడ చేస్తామని ఇంటిల్లిపాదికీ అదే నియమం పెట్టింది. ఆరవ నెల గర్భిణిగా ఉన్న కోడలు సైతం పచ్చడి మెతుకులతో, పులుసుతో సరిపెట్టుకుంటోంది. ఇక కాలు నొప్పి చేసినప్పుడల్లా ఆయన మందుల దుకాణంలో అడిగి నొప్పి మాత్రలు తెచ్చుకొని మింగుతున్నారు.

ఒక్క జబ్బు వల్ల ఆ ఇంటికి మూడు నష్టాలు కలిగాయి: పరువు, తల్లీబిడ్డల పోషణ, మూత్రపిండాల ఆరోగ్యం. మూడూ తెలియనితనం వల్ల వచ్చినవే. ఈ రోజుల్లో మన విచారణలలో "నాకు యూరిక్ యాసిడ్ ఉందట" అనే మాట తరచుగా వినిపిస్తోంది. కనుక ఈ వారం యూరిక్ ఆమ్లానికీ మన భోజనానికీ ఉన్న సంబంధం ఎంతవరకో తెలుసుకుందాం.

యూరిక్ ఆమ్లం అంటే ఏమిటి?

మన శరీరం కోట్లాది జీవకణాలతో నిర్మింపబడింది. పాత కణాలు నశిస్తూ కొత్తవి పుడుతూ ఉంటాయి. ఈ కణాలలో ప్యూరిన్లు అనే పదార్థాలు ఉంటాయి. అవి విచ్ఛిన్నమైనప్పుడు చివరకు మిగిలేదే యూరిక్ ఆమ్లం. మనం తినే మాంసం, చేప, గింజలు కూడా ఒకప్పుడు జీవకణాలే. కాబట్టి వాటిలోనూ ప్యూరిన్లు ఉంటాయి. ఇతర జంతువులలో చాలావాటికి యూరిక్ ఆమ్లాన్ని ఇంకా కరిగిపోయే పదార్థంగా మార్చే ఎంజైము ఉంది. మనుష్యులకు అది లేదు.

దీనిని ఒక నీళ్ళ తొట్టితో పోల్చవచ్చు. తొట్టిలోకి రెండు గొట్టాల ద్వారా నీరు వస్తుంది. పెద్ద గొట్టం మన శరీరమే. మొత్తం యూరిక్ ఆమ్లంలో సుమారు మూడింట రెండు వంతులు శరీరం తనంతట తానే తయారు చేసుకుంటుంది. చిన్న గొట్టం మన ఆహారం. దాని వాటా సుమారు మూడింట ఒక వంతు. తొట్టిలోనుండి నీరు పోవడానికి కూడా రెండు తూములున్నాయి. పెద్ద తూము మూత్రపిండాలు, చిన్న తూము పేగులు. యూరిక్ ఆమ్లం పెరిగినవారిలో చాలామందికి లోపం తూము దగ్గరే ఉంటుంది. వారి మూత్రపిండాలు దానిని తగినంతగా బయటకు పంపలేవు. ఇది చాలావరకు వంశపారంపర్యంగా వచ్చే గుణం.

సాధారణంగా పురుషులలో 7 మి.గ్రా. వరకు, స్త్రీలలో 6 మి.గ్రా. వరకు ఉండవచ్చునంటారు. సుమారు 6.8 దాటితే యూరిక్ ఆమ్లం రక్తంలో పూర్తిగా కరిగి ఉండలేదు. క్రమంగా సూదుల వంటి స్ఫటికాలుగా మారి కీళ్ళలో పేరుకుంటుంది. శరీరంలో చల్లగా ఉండే చోట్ల ఇవి త్వరగా ఏర్పడతాయి. అందుకే కాలి బొటనవ్రేలికి ముందుగా దెబ్బ తగులుతుంది. కొందరికి మూత్రపిండాలలో రాళ్ళుగా కూడా మారుతుంది. స్త్రీలకు బహిష్టులు నిలిచేవరకు వారి శరీరంలోని హార్మోను యూరిక్ ఆమ్లాన్ని బయటకు పంపడంలో సాయపడుతుంది. అందుచేత వారికి ఈ జబ్బు ఎక్కువగా ఆ తరువాతి వయస్సులోనే వస్తుంది.

ఇక్కడ ఒక ముఖ్య విషయం గుర్తుంచుకోవాలి. కాగితం మీద అంకె పెరిగినంత మాత్రాన జబ్బు వచ్చినట్లు కాదు. యూరిక్ ఆమ్లం ఎక్కువగా ఉన్నవారిలో అధికులకు జీవితాంతం గౌట్ రానే రాదు. నొప్పి, వాపు, రాళ్ళు ఏమీ లేనివారికి ఆ అంకెను చూసి మాత్రమే సాధారణంగా మందు మొదలుపెట్టరు. మరోవైపు, గౌట్ నొప్పి తీవ్రంగా ఉన్న రోజున పరీక్ష చేస్తే అంకె మామూలుగా కనిపించవచ్చు కూడా. కాబట్టి మోకాళ్ళు, నడుము నొప్పులన్నిటికీ యూరిక్ ఆమ్లమే కారణమని ఎవరికి వారు నిర్ణయించుకోరాదు.

ఏ ఆహారం దీనిని పెంచుతుంది?

1. జంతువుల లోపలి అవయవాలు: కార్జం, కందనకాయలు, మెదడు, మూత్రపిండాలు, బోటీ. ప్యూరిన్లు అధికంగా ఉండే ఆహారంలో ఇవి మొదటి వరుసలోనివి. గౌట్ ఉన్నవారు వీటిని మానివేయడమే మంచిది.

2. కొన్ని చేపలు: నెత్తళ్ళు, కవళ్ళు వంటి చిన్న సముద్రపు చేపలలో ప్యూరిన్లు ఎక్కువ. ఎండబెట్టినప్పుడు నీరు పోయి సారం మిగులుతుంది కనుక ఎండు నెత్తళ్ళలో ఇంకా ఎక్కువ. రొయ్యలు, ఇతర చేపలు మితంగా తినవచ్చు.

3. మాంసం, మాంసపు రసం: మేక, గొర్రె, గొడ్డు, పంది మాంసాలు కొద్దిగా తింటే ప్రమాదం తక్కువ, తరచుగా తింటే ఎక్కువ. మాంసం ఉడికేటప్పుడు ప్యూరిన్లు నీటిలోకి దిగుతాయి. కీళ్ళకు బలమని మేక కాళ్ళ సూపు కాచి పోయడం మన ఇళ్ళలో మామూలే. గౌట్ ఉన్న మనిషికి ప్రేమతో పోసే ఆ సూపే కీడు చేయవచ్చు.

4. మద్యం: ఏ మద్యమైనా మూత్రపిండాల తూమును బిగిస్తుంది. బీరులో అది చాలదన్నట్లు ప్యూరిన్లు కూడా ఉంటాయి. కల్లు చెట్టు నుండి వచ్చింది కదా, మందులాంటిది అనేవారున్నారు. పులిసిన కల్లు కూడా మద్యమే. పునీత పౌలుగారు తిమోతికి కడుపు బాగుకోసం కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమని వ్రాసిన మాటను కొందరు నాకు గుర్తు చేస్తుంటారు. కొంచెం అన్నారని వారికి నేను గుర్తు చేస్తుంటాను. బీరును గురించి ఆయన ఏమీ వ్రాయలేదు.

5. తీపి పానీయాలు: సీసాలలో అమ్మే కూల్ డ్రింకులలో ప్యూరిన్లు లేవు. కాని అందులోని చక్కెరలో సగభాగం ఫ్రక్టోజు. అది కాలేయంలో జీర్ణమయ్యేటప్పుడు యూరిక్ ఆమ్లం పుడుతుంది. ఈ సంగతి చాలామందికి తెలియదు. పప్పు మానినవారు కూడా విందులో రెండు గ్లాసుల కూల్ డ్రింకు నిశ్చింతగా తాగుతారు.

6. అధిక బరువు: పొట్ట పెరిగిన కొద్దీ శరీరంలో యూరిక్ ఆమ్లం తయారీ పెరుగుతుంది, బయటకు పోవడం తగ్గుతుంది. బరువు నెమ్మదిగా తగ్గించుకోవాలి. ఒక్కసారిగా తిండి మానితే మేలుకు బదులు కీడు జరుగుతుంది. దాని సంగతి క్రింద చెబుతాను.

నింద మోసిన నిరపరాధులు

పప్పులలో కూడా ప్యూరిన్లు ఉన్న మాట నిజమే. అందుకే ఒకప్పుడు వైద్యులు కూడా పప్పు మానమని చెప్పేవారు. తరువాతి పరిశోధనలు ఆ మాటను సరిదిద్దాయి. అమెరికాలో ఆరోగ్యవృత్తులలో ఉన్న 47,150 మంది పురుషులను 12 సంవత్సరాలపాటు గమనించి 2004లో ఫలితాలు ప్రకటించారు. వారిలో 730 మందికి కొత్తగా గౌట్ వచ్చింది. మాంసం అందరికంటె తక్కువగా తినేవారితో పోలిస్తే, అందరికంటె ఎక్కువగా తినేవారికి జబ్బు వచ్చే అవకాశం 41 శాతం పెరిగింది. సముద్రపు చేపలు, రొయ్యల వంటివి ఎక్కువగా తినేవారికి 51 శాతం పెరిగింది. ప్యూరిన్లు ఉన్న కూరగాయలు, గింజలు తినేవారికి ఏమీ పెరగలేదు. పాలు, పాల పదార్థాలు ఎక్కువగా తీసుకునేవారికి 44 శాతం తగ్గింది.

అదే సమూహంలో రోజుకొక బీరు తాగేవారికి ప్రమాదం 49 శాతం పెరిగినట్లు తేలింది. రోజుకు రెండు లేక అంతకంటె ఎక్కువ తీపి కూల్ డ్రింకులు తాగేవారికి, నెలకు ఒకటి కూడా తాగనివారికంటె 85 శాతం ఎక్కువని 2008లో ప్రకటించారు.

కాబట్టి కందిపప్పు, పెసరపప్పు, మినుములు, శనగలు దోషులు కావు. మితంగా రోజూ తినవచ్చు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం ఎంత తినాలో తమ వైద్యుని అడగాలి. పాలకూరకు, గోంగూరకు వచ్చిన చెడ్డపేరు వేరొక రకం రాళ్ళ వల్ల వచ్చింది. ఆ ఆకులలో ఉండేది ఆక్సలేటు, అది యూరిక్ ఆమ్లం కాదు. టమాటా, వంకాయలలో ప్యూరిన్లు చాలా తక్కువ. కోడిగ్రుడ్డులో, పాలలో దాదాపు లేనట్లే. కాఫీ తాగేవారు కూడా భయపడనక్కరలేదు, చక్కెర తగ్గించుకుంటే చాలు. తియ్యని పానీయాలకు బదులు మన మజ్జిగను మించినది లేదు. ఉప్పు కొంచెం తగ్గించి రోజుకు రెండుసార్లు తాగండి.

పప్పు మానడం చిన్న సంగతి కాదు. వారానికొకసారి మాత్రమే మాంసం వండే ఇంట్లో పప్పే పిల్లల కండ, గర్భిణి బలం. తండ్రి రక్తపరీక్ష కాగితం చూసి పిల్లల కంచంలో పప్పు తీసివేయడం న్యాయం కాదు.

ఉపవాసం, శుద్ధభోజనం

ఉపదేశిగారికి పండుగ మరునాడే నొప్పి ఎందుకు వచ్చింది? తపస్సుకాలంలో శుక్రవారాలు ఆయన మాంసం మానివేశారు. దానికి బదులు ఎండు నెత్తళ్ళ పులుసు తిన్నారు. పవిత్ర శుక్రవారం మండుటెండలో సిలువ మార్గం నడిపించారు. ఆ రోజంతా మంచినీరు కూడా ముట్టలేదు. పండుగనాడు ఉదయం కార్జం వేపుడు, మధ్యాహ్నం మాంసం, దాహానికి కూల్ డ్రింకు. ఆయన భక్తిలో లోపం లేదు. శరీరం మాత్రం ఇన్ని దెబ్బలు ఒక్క వారంలో తట్టుకోలేకపోయింది.

పూర్తిగా పస్తున్నప్పుడు శరీరం తన కొవ్వును కరిగించుకొని వాడుకుంటుంది. అప్పుడు పుట్టే ఆమ్లాలు యూరిక్ ఆమ్లం బయటకు పోకుండా అడ్డుపడతాయి. నీరు కూడా తాగకపోతే మూత్రం తగ్గి అది మరింత చిక్కబడుతుంది. ఆ మీదట విందు భోజనం చేస్తే తొట్టి పొంగిపోతుంది.

శ్రీసభ మనలను ఇంతగా కష్టపెట్టుకోమనలేదు. 1983 నాటి శ్రీసభ చట్టం ప్రకారం ఉపవాస నియమం 18 సంవత్సరాలు నిండినవారి నుండి 59 నిండేవరకే వర్తిస్తుంది. రోగులను శ్రీసభ బలవంతం చేయదు. మంచినీరు తాగితే ఉపవాసం భంగం కాదు. దివ్యసత్ప్రసాదానికి ముందు గంటసేపు ఏమీ పుచ్చుకోరాదన్న నియమంలో కూడా నీటికీ మందులకూ మినహాయింపు ఉంది. గౌట్ ఉన్నవారు పస్తు ఉండడానికి బదులు తీపి పానీయాలు, మద్యం, కార్జం వంటివి మానుకొని, ఆ డబ్బు పేదలకు ఇస్తే అది కూడా తపస్సే. సందేహం ఉంటే మీ విచారణ గురువును అడగండి. శుద్ధభోజనం రోజున నెత్తళ్ళకు బదులు పప్పు, కూరగాయలు, గ్రుడ్డు, పెరుగు తినండి.

పథ్యం ఎంతవరకు పనిచేస్తుంది?

ఇంత చెప్పిన తరువాత పథ్యానికి ఉన్న హద్దు కూడా చెప్పాలి. ఎంత శ్రద్ధగా పథ్యం చేసినా యూరిక్ ఆమ్లం సాధారణంగా 1 మి.గ్రా. మాత్రమే తగ్గుతుంది. 7.4 ఉన్నవారికి అది ఎంతో మేలు. 9.2 ఉన్నవారికి అది చాలదు. 2018లో 16,760 మందిని పరిశీలించిన ఒక అధ్యయనంలో మనిషికీ మనిషికీ మధ్య యూరిక్ ఆమ్లంలో కనిపించే తేడాకు ఒక్కొక్క ఆహార విధానం వాటా ఒక శాతంలో మూడవ వంతు కూడా లేదు. పుట్టుకతో వచ్చిన గుణాల వాటా సుమారు 24 శాతం ఉంది. ఉపదేశిగారి తండ్రికి కూడా కాలు వాచేదట. పైగా ఆయన రక్తపోటుకు వాడుతున్న మాత్ర యూరిక్ ఆమ్లాన్ని పెంచే రకానిది. మూత్రం ఎక్కువగా పోయేటట్లు చేసే కొన్ని మాత్రలకు, తక్కువ మోతాదు ఆస్ప్రినుకు ఈ గుణం ఉంది. అయినా వాటిని మీరై మీరు ఆపకూడదు. మార్చవలసి ఉంటే వైద్యుడే మారుస్తాడు.

కనుక ఈ జబ్బు తిండిపోతులకు, తాగుబోతులకు పడే శిక్ష అనడం తప్పు. పునీత గ్రెగోరి మహా పోపుగారు 590 నుండి 604 వరకు శ్రీసభను పాలించారు. మఠవాసిగా కఠిన ఉపవాసాలు చేసి కడుపు పాడుచేసుకున్న తపస్వి ఆయన. ఆయనను కూడా గౌట్ పీడించింది. చివరి సంవత్సరాలలో ఎక్కువకాలం మంచం మీదనే ఉంటూ శ్రీసభ పనులు నడిపించారు. ఆయన లేఖలలో ఈ నొప్పి ప్రస్తావన పలుమార్లు వస్తుంది. ఆ పునీతుని అనుమానించని మనం పొరుగువాని కుంటి నడకను చూసి తీర్పు తీర్చడం తగునా?

గ్రెగోరి పోపుగారికి లేని మందు మనకు ఉంది. అల్లోప్యూరినాలు 1966 నుండి వాడుకలో ఉంది. ఈ మందును కనిపెట్టిన బృందంలోని గెర్ట్రూడ్ ఎలియన్, జార్జ్ హిచింగ్స్ గార్లకు 1988లో నోబెల్ బహుమానం వచ్చింది. మాటిమాటికి నొప్పి వచ్చేవారికి, కీళ్ళ చుట్టూ గడ్డలు కట్టినవారికి ఇటువంటి మందుతో యూరిక్ ఆమ్లాన్ని 6 కంటె తక్కువకు తెచ్చి అక్కడే నిలుపుతారు. చిన్న మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు. మొదటి నెలలలో పాత స్ఫటికాలు కరిగేటప్పుడు మళ్ళీ నొప్పి రావచ్చు. మందు పనిచేయలేదని ఆపవద్దు. ఒంటి మీద దద్దుర్లు వస్తే మాత్రం వెంటనే ఆపి వైద్యుని కలవాలి. నొప్పి తగ్గిందని మానివేస్తే కొన్నాళ్ళకు తొట్టి మళ్ళీ నిండుతుంది.

నొప్పి మాత్రలను గురించి ఒక హెచ్చరిక. అవి వాపును తగ్గిస్తాయిగాని యూరిక్ ఆమ్లాన్ని తగ్గించవు. చీటీ లేకుండా నెలల తరబడి మింగితే మూత్రపిండాలు దెబ్బతింటాయి. అప్పుడు పెద్ద తూమే మూసుకుపోతుంది.

ఇంటిలో పాటించవలసినవి

ఉదయం: ఇడ్లీ లేక పెసరట్టు, చక్కెర తగ్గించిన కాఫీ లేక పాలు.
మధ్యాహ్నం: అన్నం, పప్పు, ఏదైనా కూర, మజ్జిగ. మాంసం తినే రోజున రెండు మూడు ముక్కలు, రసం తక్కువ.
సాయంత్రం: జామ, నారింజ వంటి పండు. పండ్ల రసం వద్దు.
రాత్రి: రొట్టె లేక అన్నం, కూర, గ్రుడ్డు, పెరుగు.
నీరు: రోజుకు రెండు, రెండున్నర లీటర్లు. ఎండలో పనిచేసేవారికి ఇంకా ఎక్కువ. గుండె, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు వైద్యుని అడిగి తాగాలి.
నడక: రోజూ అరగంట. కాలు వాచిన రోజులలో విశ్రాంతి.

ఉపదేశిగారికి రక్తపోటు మాత్ర మార్చాము, యూరిక్ ఆమ్లానికి మందు మొదలుపెట్టాము. దేవుని దయవల్ల మూత్రపిండాలు ఇంకా పాడుకాలేదు. ఆయన భార్యను కూర్చోబెట్టి పైన వ్రాసినదంతా చెప్పాను. ఆమె అంతా విని, "అయితే రెండేళ్ళు ఊరకనే ఎండగట్టానా అందరినీ?" అని నొచ్చుకుంది. ఆమె చేసింది ప్రేమతోనే చేసింది, తెలిసినవారు చెప్పలేదు, అంతే.

ఆరు నెలల తరువాత ఆయన యూరిక్ ఆమ్లం 5.6కు దిగింది. మనుమరాలి జ్ఞానస్నానపు విందులో ఆయన అందరితో పాటు కూర్చొని రెండు మాంసం ముక్కలు, ముద్దపప్పు, గోంగూర తిన్నారు. కూల్ డ్రింకు సీసాలు పంచుతున్న కుర్రవాణ్ణి ఆపి మజ్జిగ అడిగి తాగారు. బాలింత కంచంలో పప్పు మీద నెయ్యి వేస్తూ ఆయన భార్య నా వైపు చూసి నవ్వింది.

మన శరీరం పవిత్రాత్మకు ఆలయమని పౌలుగారు మనకు బోధించారు. ఆలయాన్ని చూసుకోవడానికి భయం అక్కరలేదు, తెలివి కావాలి. దేవుడు మీ ఇళ్ళను దీవించి, మీ కంచాలలో పప్పన్నానికి కొరత లేకుండా చేయునుగాక.